పోస్ట్‌డాక్‌కు ఏ దేశం అని కాదు, ఎవరి డబ్బు అని అడగండి

నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు కాలేజీల్లో డిగ్రీ చదివి తిరుపతిలోనో, చెన్నైలోనో, హైదరాబాదులోనో పీహెచ్‌డీ చివరికి వచ్చిన విద్యార్థులు నాకు ఫోన్ చేసి అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "పోస్ట్‌డాక్‌కు ఏ దేశం మంచిది?" పోస్ట్‌డాక్ అంటే పీహెచ్‌డీ తర్వాత, శాశ్వత ఉద్యోగానికి ముందు, కొన్నేళ్లు చేసే పరిశోధన పని. అప్పటికే కొరియా వెళ్లిన సీనియర్ ఒక మాట, జర్మనీ వెళ్లిన సీనియర్ మరో మాట, బెంగళూరులోనే ఉండిపోయినవారు ఇంకో మాట చెప్పి ఉంటారు. ఎవరూ అబద్ధం చెప్పరు. కానీ ఎవరి అనుభవం వారిది. ఒకే విశ్వవిద్యాలయంలో పక్కపక్క గదుల్లో పనిచేసే ఇద్దరు పోస్ట్‌డాక్‌ల పరిస్థితికి పొంతన లేకపోవడం నేను చాలాసార్లు చూశాను. ఒకరు సొంత ఆలోచన మీద పనిచేస్తుంటారు. ఇంకొకరు ప్రొఫెసర్ ఎప్పుడో రాసిన ప్రాజెక్టులో మిగిలిపోయిన భాగాన్ని పూర్తిచేస్తుంటారు. ఈ తేడా దేశం వల్ల వచ్చింది కాదు, జీతం వచ్చే దారి వల్ల వచ్చింది.

అందుకే నేను పోలికను దేశాలతో మొదలుపెట్టను. మీ జీతం ఎవరి డబ్బులోంచి వస్తుంది, ఆ డబ్బు ఎన్నాళ్లుంటుంది, అది ఆగిపోతే మీ చేతిలో ఏం మిగులుతుంది అని అడుగుతాను. ఈ మూడింటికీ జవాబు దొరికితే దేశం సంగతి చాలావరకు దానంతటదే తేలుతుంది.

మూడు రకాల డబ్బు

మొదటిది మీ పేరు మీద మంజూరయ్యే ఫెలోషిప్. ప్రొపోజల్ మీరే రాస్తారు, ఎంపిక కమిటీ చేస్తుంది, ప్రొఫెసర్ ఆతిథ్యం ఇస్తారు. మన దేశంలో నేషనల్ పోస్ట్‌డాక్టరల్ ఫెలోషిప్, అందరూ ఎన్-పీడీఎఫ్ అనేది, ఈ కోవలోదే. జర్మనీలో హంబోల్ట్, ఐరోపా సమాఖ్యలో మేరీ క్యూరీ, జపాన్‌లో జేఎస్‌పీఎస్, అమెరికాకు ఫుల్‌బ్రైట్-నెహ్రూ కూడా అంతే. పని మీది, పేరు మీది. ప్రొఫెసర్‌తో మాట తేడా వచ్చినా మీ జీతాన్ని ఆయన ఒక్కరే ఆపలేరు. దీనికి చెల్లించాల్సిన మూల్యం కాలం. దరఖాస్తు చేసిన నాటి నుంచి చేరే నాటికి చాలా నెలలు గడుస్తాయి.

రెండోది ప్రొఫెసర్ ప్రాజెక్టులోంచి వచ్చే జీతం. ఇక్కడ రీసెర్చ్ అసోసియేట్, అంటే ఆర్‌ఏ పోస్టులు, కొరియా, అమెరికాల్లో దొరికే పోస్ట్‌డాక్‌లలో ఎక్కువ భాగం ఈ రకమే. కొద్ది వారాల్లో చేరవచ్చు. అయితే ప్రశ్నలు ముందే రాసిపెట్టి ఉంటాయి, జవాబులు మీరు తేవాలి. ప్రాజెక్టు ముగిస్తే పోస్టు ముగుస్తుంది.

మూడోది కంపెనీ డబ్బు. కెమిస్ట్రీ, ఇంజినీరింగ్‌లలో కనిపిస్తుంది. జీతం బాగుంటుంది, పరికరాలు బాగుంటాయి. కానీ పేటెంట్ దాఖలయ్యేదాకా పేపరు ఆగాలి, కొన్నిసార్లు అసలు బయటికే రాదు. పరిశ్రమలోకి వెళ్లాలనుకునేవారికి ఇదేమీ ఇబ్బంది కాదు. విశ్వవిద్యాలయంలో ఉద్యోగం కోరుకునేవారు మాత్రం ఒప్పందంలో ప్రచురణ గురించి ఏం రాశారో చదవకుండా సంతకం పెట్టకూడదు.

నా మాట అడిగితే, పీహెచ్‌డీ సాధారణంగా జరిగిపోయినవారికి మంచి ల్యాబ్‌లో ప్రాజెక్టు పోస్టే మేలు. అక్కడ క్రమశిక్షణ అలవడుతుంది, కొత్త పరికరం చేతికి వస్తుంది. పీహెచ్‌డీలోనే సొంత ఆలోచన మొలకెత్తినవారు మాత్రం కొన్ని నెలలు ఆగినా ఫెలోషిప్పే పట్టాలి. ఆ ఆలోచనను మరొకరి ప్రాజెక్టు కింద పాతిపెడితే రెండేళ్ల తర్వాత దాన్ని బయటికి తీయడం కష్టం.

మన దేశంలో ఉండిపోవాలనుకుంటే

"ఇండియాలో పోస్ట్‌డాక్ దండగ" అని కొట్టిపారేసేవారి మాట వినకండి. ఇక్కడి దారులు నాలుగైదు ఉన్నాయి, వాటి మధ్య తేడా చాలా ఉంది.

ఆర్‌ఏ జీతాలు 2023 జనవరి 1 నుంచి మారాయి. మూడు మెట్లలో నెలకు 58,000, 61,000, 67,000 రూపాయలు, దానిపైన ఇంటి అద్దె భత్యం. హైదరాబాదు, చెన్నై, బెంగళూరు వంటి పెద్ద నగరాల్లో అద్దె భత్యం 30 శాతం వరకు ఉండవచ్చు. ఆ లెక్కన మొదటి మెట్టులోనే 75,400 దాకా వస్తుంది. తిరుపతి వైపు అద్దె భత్యం తగ్గుతుంది, అద్దెలూ తగ్గుతాయి. కాగితం మీద బాగానే ఉంది. ప్రకటన చివర "ఈ పోస్టు పూర్తిగా తాత్కాలికం, ప్రాజెక్టుతో పాటు ముగుస్తుంది" అనే వాక్యాన్ని మాత్రం అలవాటుగా దాటేయవద్దు. మూడేళ్ల ప్రాజెక్టు అని రాసి ఉన్నా, అది ఎప్పుడు మంజూరైందో అడగండి. రెండేళ్లు గడిచిపోయిన ప్రాజెక్టులో చేరితే మీకు మిగిలేది ఏడాది. అందులో సగం పరికరం రావడానికే పోవచ్చు. ఇంకో సంగతి, ఏడాదిలో రెండో విడత నిధులు ఆలస్యమైతే జీతం కొన్ని నెలలు ఆగడం మన ప్రాజెక్టుల్లో కొత్తేమీ కాదు. ఇంటికి డబ్బు పంపాల్సినవారు ఇది ముందే లెక్కలో పెట్టుకోవాలి.

ఎన్-పీడీఎఫ్ రెండేళ్ల ఫెలోషిప్. ఎస్‌ఈఆర్‌బీ అనే కేంద్ర పరిశోధన నిధుల సంస్థ కింద నడిచిన ఈ పథకం 2023 నాటి చట్టంతో ఏర్పడిన అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్, అంటే ఏఎన్‌ఆర్‌ఎఫ్, చేతికి వచ్చింది. ఇందులో జీతంతో పాటు పరిశోధన ఖర్చులకు విడిగా గ్రాంటు మీ పేరు మీద వస్తుంది. రసాయనాలు కొనడానికి, సాంపిళ్లు పరీక్ష చేయించుకోవడానికి మరొకరి దయ మీద ఆధారపడే పని ఉండదు. వయసు 35 దాటకూడదు. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, దివ్యాంగ అభ్యర్థులకు, మహిళలకు ఐదేళ్ల సడలింపు ఉంది. థీసిస్ సమర్పించి డిగ్రీ కోసం ఎదురుచూస్తున్నవారు కూడా దరఖాస్తు చేయవచ్చు. మెంటర్‌గా మీ పీహెచ్‌డీ గైడును పెట్టుకోవడం కుదరదు. జీవితంలో ఒక్కసారే ఇస్తారు గనుక చేతికందిన మెంటర్‌తో, అరకొర ప్రొపోజల్‌తో ఆ అవకాశాన్ని ఖర్చుచేయడం నాకు నచ్చదు.

ఇన్‌స్పైర్ ఫ్యాకల్టీ ఫెలోషిప్‌ను చాలామంది పోస్ట్‌డాక్‌ల జాబితాలో చేర్చరు. చేర్చాలి. ఐదేళ్లపాటు నెలకు 1,25,000, పరిశోధనకు ఏటా 7 లక్షలు. మన దేశంలో మీ సొంత చిన్న బృందాన్ని మొదలుపెట్టుకునే వీలున్న అరుదైన అవకాశం ఇది. చిక్కంతా వయసుతోనే. సాధారణ అభ్యర్థులకు 32 ఏళ్లు, ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు 35. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో పీహెచ్‌డీ సాగిసాగి 31 ఏళ్లకు ముగించేవారు బోలెడుమంది. ముందు ఒక పోస్ట్‌డాక్ చేసి తర్వాత దీనికి వెళ్దామనుకుంటే తలుపు మూసుకుపోతుంది. పుట్టిన తేదీ చూసుకుని, రెండింటికీ ఒకేసారి సిద్ధం కావాలి. ఐదేళ్ల తర్వాత శాశ్వత ఉద్యోగం ఇస్తామని అందులో ఎవరూ హామీ ఇవ్వరన్నది కూడా మరచిపోవద్దు. విదేశంలో ఉన్నవారు తిరిగి రావడానికి రామానుజన్ ఫెలోషిప్ ఉంది, దానికి వయసు 40 లోపు. పెళ్లి, పిల్లల వల్ల మధ్యలో ఆగిపోయిన మహిళలకు కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ వైజ్-పీడీఎఫ్ ఇస్తోంది. ఆగిపోయిన సంవత్సరాల గురించి సంజాయిషీ ఇచ్చుకోవాల్సిన అవసరం లేని దారి అది.

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాలవారికి మరో సౌకర్యం ఉంది, దాన్ని మనం తక్కువగా చూస్తాం. కొద్ది గంటల ప్రయాణంలో గట్టి ల్యాబులున్నాయి. ఏర్పేడు దగ్గర ఐఐటీ తిరుపతి, ఐసర్ తిరుపతి పక్కపక్కనే ఉన్నాయి. రెండూ 2015లో మొదలైన సంస్థలు. అధ్యాపకుల్లో చాలామంది యువకులు, కొత్త ల్యాబులు కట్టుకుంటున్నవారు. అలాంటి చోట పోస్ట్‌డాక్‌కు పని ఎక్కువ, బాధ్యత ఎక్కువ, నేర్చుకునేదీ ఎక్కువ. తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో గాదంకి ఉంది. అక్కడి జాతీయ వాతావరణ పరిశోధన సంస్థలోని ఎంఎస్‌టీ రాడార్ మూడు దశాబ్దాలుగా మన నెత్తి మీది గాలులను కొలుస్తోంది. 2021 నవంబరులో పెన్నా పొంగి నెల్లూరు పల్లెలను ముంచిన వర్షాలు చూసినవారికి, వాతావరణ భౌతికశాస్త్రంలో పీహెచ్‌డీ ఉంటే, అంతకంటే సొంతమైన విషయం మరొకటి ఉంటుందా? దక్షిణాన చెన్నైలో ఐఐటీ మద్రాసు, గణిత విజ్ఞాన సంస్థ, తోలు పరిశోధన సంస్థ ఉన్నాయి. ఇంకా కిందికి వెళ్తే కల్పాక్కంలో ఇందిరాగాంధీ అణు పరిశోధన కేంద్రం. లోహశాస్త్రం, పదార్థ భౌతికశాస్త్రం చదివినవారు కల్పాక్కాన్ని తప్పక చూడాలి. శ్రీహరికోట కూడా పక్కనే ఉంది కదా అని అడుగుతారు. అది ప్రయోగ కేంద్రం. అక్కడి శాస్త్రవేత్త ఉద్యోగాలు వేరే నియామకాల ద్వారా భర్తీ అవుతాయి, పోస్ట్‌డాక్ ఆశతో దాని చుట్టూ తిరగడం వల్ల ప్రయోజనం తక్కువ.

సముద్రం దాటాలనుకుంటే

విదేశీ అవకాశం వచ్చినప్పుడు మొదట తేల్చుకోవాల్సింది ఒకటుంది. మీకు ఇచ్చేది ఉద్యోగ ఒప్పందమా, స్టైపెండా? జర్మనీలో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. విశ్వవిద్యాలయం ఉద్యోగిగా తీసుకుంటే ఈ13 అనే జీతపు శ్రేణి ఉంటుంది. అంకె పెద్దగా కనిపించినా పన్ను, ఆరోగ్య బీమా, పింఛను వాటా అందులోంచే పోతాయి. స్టైపెండ్ అయితే చేతికి వచ్చేది దాదాపు మొత్తం మీదే. కానీ బీమా మీరు కట్టుకోవాలి, పింఛనూ నిరుద్యోగ భృతీ ఉండవు. ఒంటరిగా రెండేళ్లు ఉండి వచ్చేస్తాననుకునేవారికి స్టైపెండ్ చాలు. కుటుంబంతో వెళ్లేవారికి, అక్కడే కొనసాగాలనుకునేవారికి ఉద్యోగ ఒప్పందం మంచిది. మేరీ క్యూరీ ఫెలోషిప్ ప్రకటనలో కనిపించే నెల మొత్తంలోంచి యజమాని కట్టాల్సిన వాటా కూడా తీసివేస్తారు. ఆ అంకెను రూపాయల్లోకి మార్చి ఇంట్లో చెప్పేయకండి.

హంబోల్ట్‌కు చివరి తేదీ అంటూ లేదు, ఏడాది పొడవునా దరఖాస్తు చేయవచ్చు. దేశాల వారీగా, సబ్జెక్టుల వారీగా కోటా లేదు. పీహెచ్‌డీ వచ్చి నాలుగేళ్లు దాటకూడదు. ప్రొపోజల్‌తో పాటు ఆతిథ్యమిచ్చే ప్రొఫెసర్ రాసే ఉత్తరం బరువుగా ఉండాలి. మేరీ క్యూరీ సాధారణంగా సెప్టెంబరులో ముగుస్తుంది, ఫలితం ఫిబ్రవరిలో వస్తుంది. చివరి తేదీనాటికి వైవా పూర్తై ఉండాలి. మన దగ్గర థీసిస్ పరీక్షకుల నివేదికలు ఆలస్యమై ఈ ఒక్క షరతు దగ్గర ఆగిపోయేవారున్నారు. పోటీ కూడా మామూలుగా లేదు. 2024లో పదివేలకు పైగా దరఖాస్తుల్లో ఎంపికైనవి 1,700 వరకు. 2025లో దరఖాస్తులే 17,000 దాటాయి. అయినా రాయమనే చెబుతాను. ఆ పది పేజీల ప్రొపోజల్ రాయడంతో మీ ఆలోచన ఎంత గట్టిదో మీకే తెలుస్తుంది, దాన్నే తర్వాత ఎన్-పీడీఎఫ్‌కు మలచుకోవచ్చు. మేరీ క్యూరీ ఒక్కదాని మీదే ఆశ పెట్టుకుని మిగతావి ఆపేయడం తెలివైన పని కాదు.

జపాన్ జేఎస్‌పీఎస్ లెక్క సరళంగా ఉంటుంది. నెలకు 3,62,000 యెన్లు, మన డబ్బులో సుమారు రెండు లక్షలు. ఏడాది నుంచి రెండేళ్లు. విమానం ఛార్జీ వాళ్లదే. పీహెచ్‌డీ వచ్చి ఆరేళ్లలోపు ఉండాలి. జపాన్ ల్యాబ్ మీకు దొరకాలంటే ముందు అక్కడి ప్రొఫెసర్ ఒప్పుకోవాలి, ఎందుకంటే దరఖాస్తు ఆయన ద్వారా కదులుతుంది. ఆయనకు మీ పేపర్లతో పరిచయం లేకుండా, హఠాత్తుగా రాసిన ఒక మెయిల్‌తో ఇది జరగదు. సంవత్సరం ముందు నుంచీ మాటలు నడవాలి.

కొరియా గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే పదార్థ శాస్త్రంలో, నానో, బ్యాటరీ రంగాల్లో తెలుగువారు ఎక్కువగా వెళ్లేది అక్కడికే. పోస్టులు ఎక్కువగా ప్రొఫెసర్ ప్రాజెక్టులోంచి వస్తాయి, ఏడాది ఒప్పందం, తర్వాత పొడిగింపు. పరికరాలు ల్యాబ్‌లోనే ఉంటాయి. పేపర్లు వేగంగా వస్తాయి. పని గంటలు ఎక్కువ. డిగ్రీ పత్రాలు విదేశంలో చెల్లడానికి వేయించుకునే అపోస్టిల్ ముద్ర, పరిశోధకులకిచ్చే ఈ-3 వీసా, ఇవన్నీ తెమలడానికి రెండు మూడు నెలలు పడుతుంది గనుక ప్రొవిజనల్ సర్టిఫికెట్ చేతికి రాగానే మొదలుపెట్టాలి. ఒకే ప్రొఫెసర్ దగ్గర ఐదారేళ్లు, ఏడాదికేడాది పొడిగింపుతో ఉండిపోవడం అక్కడ పెద్ద ప్రమాదం. పేపర్ల సంఖ్య పెరుగుతుంది, సొంత పేరుతో చెప్పుకునే విషయం మాత్రం పెరగదు. ఇంటర్వ్యూ బోర్డు మొదట అడిగేది దాని గురించే.

అమెరికాలో ఈమధ్య నియమాలు మారాయి. పోస్ట్‌డాక్‌లు ఎక్కువగా జే-1 వీసా మీద వెళ్తారు, రీసెర్చ్ స్కాలర్ విభాగంలో ఐదేళ్ల వరకు ఉండవచ్చు. ముగించి వచ్చేస్తే అదే విభాగంలో మళ్లీ వెళ్లడానికి 24 నెలలు ఆగాలి. కాబట్టి ఆరు నెలల చిన్న అవకాశానికి ఆ వీసాను వాడేయకండి. తిరిగివచ్చి రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్న షరతు మన దేశానికి, అమెరికా ప్రభుత్వం దేశాల వారీగా పెట్టే నైపుణ్యాల జాబితా వల్ల వర్తించేది. 2024 డిసెంబరులో ఆ జాబితా నుంచి భారత్‌ను తొలగించారు. ఫుల్‌బ్రైట్ వంటి ప్రభుత్వ సొమ్ముతో వెళ్తే మాత్రం షరతు ఇంకా ఉంటుంది. హెచ్-1బీ మీద తీసుకుంటామని ఎవరైనా అంటే, 2025 సెప్టెంబరులో వచ్చిన ఉత్తర్వుతో అమెరికా బయట ఉన్నవారి కొత్త దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము పెట్టారన్నది గుర్తుంచుకుని, విశ్వవిద్యాలయం దాన్ని ఎలా భరిస్తుందో రాతపూర్వకంగా అడగండి. బ్రిటన్‌కైతే వీసాతో పాటు ఏడాదికి 1,035 పౌండ్ల ఆరోగ్య సర్‌ఛార్జి ముందే కట్టాలి. ఇద్దరికి మూడేళ్లకు లెక్కేస్తే 6,210 పౌండ్లు. అది ఎవరు కడతారన్నది చేరేముందే తేలాలి.

పెళ్లైనవారు మరో ప్రశ్న వేసుకోవాలి. భర్తకో భార్యకో అక్కడ పనిచేసే హక్కు ఉంటుందా? జర్మనీ, బ్రిటన్‌లలో ఉంటుంది. అమెరికాలో జే-1 వారి జీవిత భాగస్వామి అనుమతికి దరఖాస్తు చేసుకోవచ్చు. జపాన్‌లో అనుమతితో వారానికి 28 గంటలు. కొరియాలో డిపెండెంట్‌గా వెళ్తే మామూలుగా పనిచేయడం కుదరదు. మన ఇళ్లలో ఈ విషయం చివర్లో, టికెట్ కొన్నాక, బయటపడుతుంది. చదువుకున్న అమ్మాయి రెండేళ్లు నాలుగు గోడల మధ్య కూర్చోవాల్సి రావడం చిన్న విషయమేమీ కాదు, పోస్ట్‌డాక్ ఎంపికలో అది ముందే ఉండాలి.

సబ్జెక్టును బట్టి

ఫిజిక్స్‌లో సిద్ధాంతం వైపు ఉన్నవారికి ఒక ఋతువు ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దరఖాస్తులు, చేరడం మరుసటి శరత్కాలంలో. ఆ మూడు నెలలు తప్పితే ఏడాది పోయినట్టే. సిద్ధాంతంలో పరికరాలు అక్కర్లేదు గనుక, ఎవరితో రోజూ బ్లాక్‌బోర్డు ముందు నిలబడి మాట్లాడగలరన్నదే ఎంపిక. పెద్ద ప్రయోగాల్లో పనిచేసేవారి పేపర్ల మీద వందల పేర్లుంటాయి, అందుకే అక్కడ మీరు చేసిన పనిని వివరించే సిఫారసు ఉత్తరమే మీ అసలు పేపరు.

కెమిస్ట్రీలో దరఖాస్తులకు కాలం లేదు, ప్రొఫెసర్‌కు నేరుగా మెయిల్ రాయడమే పద్ధతి. ఆర్గానిక్ కెమిస్ట్రీ వారికి హైదరాబాదు మందుల పరిశ్రమ తలుపు ఎప్పుడూ కొంత తెరిచే ఉంటుంది. అటు వెళ్లాలనుకుంటే ఒక్క మంచి పోస్ట్‌డాక్ చాలు, రెండోది అనవసరం. ఇంజినీరింగ్ వారికి నేను చెప్పేది క్లుప్తం. కంపెనీలో పరిశోధన ఉద్యోగం వస్తే దాన్ని కాదని పోస్ట్‌డాక్‌కు వెళ్లడానికి గట్టి కారణం ఉండాలి. ఆ కారణం సాధారణంగా ఐఐటీలో అధ్యాపక ఉద్యోగమే. అక్కడ అసిస్టెంట్ ప్రొఫెసర్ గ్రేడ్-1కు పీహెచ్‌డీ తర్వాత మూడేళ్ల అనుభవం అడుగుతారు, అది పరిశోధనైనా, పరిశ్రమైనా, బోధనైనా సరే.

విశ్వవిద్యాలయాల సంగతికి వస్తే, 2018 నాటి యూజీసీ నిబంధనల్లో షార్ట్‌లిస్టు మార్కులు చూడండి. బోధనకైనా పోస్ట్‌డాక్‌కైనా ఏడాదికి రెండు మార్కులు, గరిష్ఠంగా పది. పేపరుకు రెండు మార్కులు, అక్కడా పదే గరిష్ఠం. అంటే ఒంగోలు కాలేజీలో ఏడాది పాఠం చెప్పినా, సియోల్‌లో ఏడాది ల్యాబ్‌లో పనిచేసినా కాగితం మీద మార్కులు సమానం. ఐదు పేపర్ల తర్వాత ఆరోదానికి అదనపు మార్కు లేదు. పోస్ట్‌డాక్ విలువ ఆ పట్టికలో కనిపించదు, ఇంటర్వ్యూలో మీరు చెప్పే విషయంలో కనిపిస్తుంది. ఏడాదికేడాది మార్కుల కోసం పోస్ట్‌డాక్‌ను లాగేవారు దీన్ని ఒకసారి తీరిగ్గా ఆలోచించుకోవాలి.

ఒక ఎంపికను దగ్గరగా చూద్దాం

కందుకూరు వైపు అమ్మాయి ఒకరు కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేశారు. విషయం నీటిలోంచి ఫ్లోరైడ్‌ను పీల్చే పదార్థాలు. కనిగిరి, పొదిలి ప్రాంతాల్లో బోరు నీళ్లు తాగి పళ్లు గారపట్టి, ఎముకలు వంగిన మనుషులను చూసినవారికి ఆ విషయం ఎందుకు ఎంచుకున్నారని అడగాల్సిన పనిలేదు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదని, వేరే ఆధారం లేకపోతే ఒకటిన్నర దాకా సహించవచ్చని మన ప్రమాణాలు చెబుతాయి. ఆమె చేతికి రెండు అవకాశాలు వచ్చాయి. ఒకటి తిరుపతి వైపు సంస్థలో నీటి శుద్ధి ప్రాజెక్టులో ఆర్‌ఏ. రెండోది కొరియాలో బ్యాటరీ పదార్థాల మీద ఏడాది ఒప్పందం.

ఇంట్లో అందరూ కొరియా అన్నారు, జీతం చూసి. ఆమె మనసు తిరుపతి మీద ఉంది, విషయం చూసి. నేను రెండు చోట్లకూ ఒకే ప్రశ్నలు పంపమన్నాను. ప్రాజెక్టు ఎప్పుడు మంజూరైంది? గత రెండేళ్లలో అక్కడ పనిచేసిన పోస్ట్‌డాక్ ఇప్పుడెక్కడున్నారు? పదార్థం ఉపరితలాన్ని, లోపలి నిర్మాణాన్ని చూపే ఎక్స్‌పీఎస్, టెమ్ వంటి పరికరాలు ల్యాబ్‌లోనే ఉన్నాయా, బయటికి పంపాలా? పీహెచ్‌డీ రోజుల్లో ఆమె సాంపిళ్లను పొట్లాలు కట్టి బయటివారి సాంపిళ్లను కూడా పరీక్షించే, ఐఐటీ మద్రాసులోని సైఫ్ కేంద్రానికి పంపి, వరుస వచ్చేదాకా వారాల తరబడి ఎదురుచూసేవారు. ఆ నిరీక్షణ మళ్లీ రెండేళ్లు భరించగలరా అన్నది చిన్న ప్రశ్న కాదు.

జవాబులు వచ్చాయి. తిరుపతి ప్రాజెక్టులో మిగిలింది ఏడాది లోపు. పొడిగింపు మాట ప్రొఫెసర్ నిజాయితీగా "చెప్పలేను" అన్నారు. కొరియా ల్యాబ్‌లో పరికరాలన్నీ ఉన్నాయి, మునుపటి పోస్ట్‌డాక్ ఇప్పుడు మన దేశంలోనే అధ్యాపకుడు. ఆమె కొరియా ఎంచుకున్నారు. ఒక షరతు పెట్టుకున్నారు. ఉపరితలాల మీద అయాన్లు ఎలా అంటుకుంటాయన్నది బ్యాటరీలోనూ, ఫ్లోరైడ్ పీల్చే పదార్థంలోనూ ఉన్న ప్రశ్నే గనుక, అక్కడ ఆ కొలతలు నేర్చుకుని, తిరిగివచ్చాక ఎన్-పీడీఎఫ్ ప్రొపోజల్‌లో ఫ్లోరైడ్‌కే వాడాలన్నది ఆ షరతు. ఆమెకు నేను ఆ దారినే చెప్పేవాడిని. తిరుపతి ప్రాజెక్టులో రెండేళ్లు మిగిలి ఉంటే మాత్రం, జీతం సగమైనా సరే, ఇక్కడే ఉండమని వాదించేవాడిని. కనిగిరి నీళ్ల మీద, చీమకుర్తి గ్రానైట్ వ్యర్థాల మీద, కృష్ణపట్నం దగ్గరి థర్మల్ కేంద్రాల బూడిద మీద, రొయ్యల చెరువుల వ్యర్థజలాల మీద మంచి శాస్త్రం చేయగలిగినవారు ఈ నేలకు చాలా అవసరం. ఆ పనిని రెండోరకం పనిగా చూసే అలవాటు నాకు బాధ కలిగిస్తుంది.

ప్రొఫెసర్ జవాబు చదవడం

"మీ పని ఆసక్తికరంగా ఉంది, ప్రస్తుతం నా దగ్గర నిధులు లేవు, ఫెలోషిప్ తెచ్చుకుంటే సంతోషంగా ఆతిథ్యమిస్తాను." ఇలాంటి మెయిల్ వస్తే చాలామంది తిరస్కరణ అనుకుని వదిలేస్తారు. సగం మందికి అది మర్యాదపూర్వకమైన 'కాదు' కావచ్చు. తెలుసుకునే మార్గం ఒకటుంది. ఒకటిన్నర పేజీల ఆలోచన రాసి, ఫలానా ఫెలోషిప్‌కు ఫలానా తేదీలోగా వేద్దామా అని తిరిగి రాయండి. మనసున్నవారు ఆ పేజీల మీద గీతలు గీసి పంపుతారు, ఇక్కడ ఈ ప్రయోగం ఎందుకు అని అడుగుతారు. అలా అడిగినవారి దగ్గరికే వెళ్లండి. "పంపండి, సంతకం పెడతాను" అని ఒక్క వాక్యంలో తేల్చేవారు రేపు మీ పేపరు చదవడానికి కూడా అంతే సమయం ఇస్తారు.

ల్యాబ్‌లో ఇప్పుడున్నవారితో, వీలైతే వదిలి వెళ్లినవారితో మాట్లాడండి. వారాంతంలో సెలవు ఉంటుందా, పేపరు రాశాక ప్రొఫెసర్ చదవడానికి ఎన్ని వారాలు తీసుకుంటారు, మొదటి పేరు విషయంలో తగాదాలున్నాయా అని అడగండి. ఇవన్నీ ఫోన్‌లో అడగాలి, మెయిల్‌లో ఎవరూ నిజం రాయరు.

రెండు ఆఫర్లు ఒకేసారి రావడం అరుదు. ఒకటి చేతికొస్తుంది, ఇంకొకటి ఫలితం కోసం ఆగుతుంది. అప్పుడు మొదటి ప్రొఫెసర్‌కు దాచకుండా రాయండి. ఫలానా ఫెలోషిప్ ఫలితం ఫలానా నెలలో వస్తుంది, అప్పటిదాకా గడువు ఇవ్వగలరా అని. రెండు మూడు వారాలు ఇవ్వడానికి చాలామంది ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే, ఫలితం ఎంత దూరంలో ఉందో చూసుకోండి. నెలలోపు అయితే ఆగవచ్చు. ఆరు నెలలైతే చేతిలో ఉన్నది తీసుకుని, ఫెలోషిప్ వస్తే దానికి మారతానని మొదటిరోజే చెప్పి చేరండి. ఒకచోట ఒప్పుకున్నాక మిగిలిన దరఖాస్తులన్నిటినీ ఆ వారంలోనే ఉపసంహరించుకోండి, గైడుకు, సిఫారసు ఉత్తరాలు రాసినవారికి కూడా చెప్పండి. వారు మీ పేరుతో ఇంకా ఎక్కడో మాట్లాడుతూ ఉండవచ్చు.